గాజు మీద పదును, ఫిల్మ్ మీద మసక: ఒక పాత 4×5 కెమెరా కేసు

నేపథ్యం

డిజిటల్ కెమెరాలతో చేయి తిరిగిన ఒక ఫొటోగ్రాఫర్ లార్జ్ ఫార్మాట్, అంటే పెద్ద షీటు ఫిల్మ్‌తో ఫొటోగ్రఫీ, మొదలుపెడదామని పాత 4×5 అంగుళాల ప్రెస్ కెమెరా కొన్నారు. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ ఇక్కడ తీసేశాను. కెమెరా వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే కేసంతా వాటిలోనే ఉంది.

కెమెరా గ్రాఫ్లెక్స్ వారి పేస్‌మేకర్ క్రౌన్ గ్రాఫిక్. ఈ మోడల్ 1947లో వచ్చింది. వెనక ఫిల్మ్ హోల్డర్ పట్టే గ్రాఫ్‌లాక్ బ్యాక్, పక్కన దూరం చూసి ఫోకస్ పెట్టుకునే కాలార్ట్ రేంజ్‌ఫైండర్, ముందు సింక్రో కాంపూర్ షట్టర్‌లో ష్నైడర్ జెనార్ 135 మి.మీ. ఎఫ్/4.7 లెన్స్. దాంతోపాటు ఫిల్మ్ షీట్లు పెట్టుకునే హోల్డర్లు ఆరు వచ్చాయి: నాలుగు ప్లాస్టిక్‌వి, రెండు పాత చెక్కవి.

మొదటి కెమెరాగా ఇది మంచి ఎంపికే. మూస్తే పెట్టెలా అయిపోతుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. లెన్స్‌ను పట్టి ఉంచే ముందు స్టాండర్డ్‌కు కొద్దిపాటి కదలికలే ఉన్నా, నేర్చుకునేవాళ్లకు అది లోటేమీ కాదు. దీని జోడీ అయిన స్పీడ్ గ్రాఫిక్‌లో ఫిల్మ్ ముందు ఇంకో కర్టెన్ షట్టర్ కూడా ఉంటుంది. అది తెరిచి ఉందో లేదో చూసుకోకపోతే లెన్స్ షట్టర్‌తో ఎన్ని ఫొటోలు తీసినా ఫిల్మ్ ఖాళీగానే వస్తుంది. క్రౌన్‌లో ఆ గొడవ లేదు.

కొన్న వెంటనే ఆయన ఒక మార్పు చేశారు. కెమెరా వెనక బింబం చూసి ఫోకస్ పెట్టుకునే గరుకు గాజును గ్రౌండ్ గ్లాస్ అంటారు, ఫొటో తీసేటప్పుడు ఆ చోటికి ఫిల్మ్ వస్తుంది. దాని ముందు, అంటే లెన్స్ వైపు, బింబాన్ని వెలుగుగా చూపించే పలుచటి ప్లాస్టిక్ ఫ్రెనెల్ పలక ఉండేది. అది పసుపుబారి, అంచు దగ్గర పగిలి ఉంది. దాన్ని తీసి పారేసి, కొత్త గ్రౌండ్ గ్లాస్ తెప్పించి పాతదాని చోట బిగించారు. గరుకు వైపు లెన్స్ వైపే పెట్టారు, అది సరైన పద్ధతే. ఈ మార్పు సంగతి ఆయన మొదట చెప్పలేదు, మరమ్మతు కింద లెక్కపెట్టలేదు కాబట్టి.

వచ్చిన సమస్య

ఫిర్యాదులు మూడు. బయట తీసిన దృశ్యాలు బాగానే వస్తున్నాయి కానీ మనుషుల ఫొటోలు మసకగా వస్తున్నాయి. కొన్ని నెగటివ్‌ల మీద మబ్బు పట్టినట్టు మచ్చలు ఉంటున్నాయి. నీడలో తీసినవి అనుకున్నదానికంటే చిక్కగా, ఎక్కువ ఎక్స్‌పోజ్ అయి వస్తున్నాయి.

మూడూ కలిపి చూస్తే ‘పాత కెమెరా, అంతే’ అనిపిస్తుంది. ఆయన కూడా ఆ నిర్ణయానికే వచ్చి, లెన్స్ మార్చడానికి సిద్ధమయ్యారు. మూడింటికీ ఒకే కారణం ఉందనుకుంటే దారి తప్పుతాం. మచ్చలు వెలుతురు కారడానికి సంబంధించినవి, చిక్కదనం సమయానికి సంబంధించినది, మసక దూరానికి సంబంధించినది. అందుకని వేటికవి విడదీసి చూశాం.

అంతకుముందు ఏం చేశారు, ఎందుకు కుదరలేదు

మసక పోగొట్టడానికి ఆయన ముందు లెన్స్ శుభ్రం చేశారు. ఫలితం లేదు. తర్వాత బరువైన ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ వాడారు. అప్పుడూ అంతే. రేంజ్‌ఫైండర్ తప్పు చూపిస్తోందేమోనని, గ్రౌండ్ గ్లాస్ మీద దూరపు భవనాన్ని పదునుగా పెట్టి, దానికి సరిపోయేలా, లెన్స్ జరిగే రైలు మీద దూరపు ఫోకస్ దగ్గర ఆపే ఇన్ఫినిటీ స్టాప్‌లు జరిపి, ఆపైన రేంజ్‌ఫైండర్‌ను కూడా సరిచేశారు.

ఈ చివరి పనిని శ్రద్ధగా, కొలత తప్పకుండా చేశారు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. గాజు, స్టాప్‌లు, రేంజ్‌ఫైండర్ మూడూ ఇప్పుడు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయి. మూడు సాక్ష్యాలు ఒకటే మాట చెబుతుంటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ మిగతా రెండింటినీ గాజును చూసే సరిచేశారు కాబట్టి నిజానికి ఉన్నది ఒకే సాక్ష్యం. ఫిల్మ్ కూర్చునే చోటును ఎవరూ అడగలేదు.

మొదటి ఆధారం

పాడైపోయాయని పక్కన పెట్టిన పోర్ట్రెయిట్ నెగటివ్‌లను లైట్ టేబుల్ మీద పెట్టి లూప్ అనే భూతద్దంతో చూశాం. ఆయన అప్పటిదాకా స్కాన్ చేసి ముఖం వరకే పెద్దది చేసి చూశారు. ఒకదాంట్లో కూర్చున్న మనిషి ఛాతీకి కాస్త ముందుగా పుస్తకం పట్టుకుని ఉన్నారు. కళ్లు మసకగా ఉన్నాయి, పుస్తకం అట్ట మీది నేత గీతలు మాత్రం లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. ఫోకస్ పెట్టింది కళ్ల మీద.

ఇది చూశాక లెన్స్ మీద అనుమానం పోయింది. లెన్స్ చెడితే ఫ్రేములో ఎక్కడా పదును ఉండదు. కెమెరా కదిలితే అన్నీ ఒకే దిశలో సాగినట్టు కనిపిస్తాయి. పదును ఉండి, అది అనుకున్న చోట కాక ఇంకో చోట ఉందంటే, గాజు ఉన్న దూరమూ ఫిల్మ్ ఉన్న దూరమూ వేరన్నమాట.

అయినా ఇంకో రెండు అవకాశాలు మిగిలాయి. హోల్డర్ దూర్చేటప్పుడు ముందు స్టాండర్డ్ జరుగుతుండవచ్చు. దీన్ని తేల్చడం తేలిక: రైలు మీద పెన్సిల్ గీత పెట్టి, హోల్డర్ దూర్చి తీశాక చూడాలి. గీత కదల్లేదు. రెండోది, హోల్డర్‌లో ఫిల్మ్ ఉబ్బడం. అలా ఉబ్బితే తప్పు ఒక్కో షీటుకు ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ అన్ని పోర్ట్రెయిట్లలోనూ పదును ముందుకే జరిగింది, ఇంచుమించు ఒకే మేర. ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పుకు కారణం కూడా కదలని వస్తువే అయి ఉండాలి.

బయటి దృశ్యాలు ఎందుకు బాగా వచ్చాయి?

దీనికి జవాబు ఎపర్చర్‌లో, అంటే లెన్స్ రంధ్రం సైజులో ఉంది (ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఫిల్మ్ దగ్గర ఎంత తేడా వచ్చినా కంటికి తెలియకుండా ఉంటుందో చెప్పే మోటు లెక్క ఒకటుంది: ఎఫ్ సంఖ్యను, ఒప్పుకోదగ్గ మసక చుక్క వ్యాసంతో గుణిస్తే చాలు. 4×5కి ఆ చుక్క 0.1 మి.మీ. అనుకుందాం. ఎఫ్/22 దగ్గర అటూ ఇటూ 2.2 మి.మీ. వెసులుబాటు ఉంటుంది. ఎఫ్/5.6 దగ్గర అది 0.56 మి.మీ. మాత్రమే. ఆయన దృశ్యాలన్నీ ఎఫ్/22 లేదా ఎఫ్/32 దగ్గర, పోర్ట్రెయిట్లు ఎఫ్/5.6 దగ్గర తీశారు. అంటే తప్పు రెండింట్లోనూ ఉంది, చిన్న రంధ్రం దాన్ని దాచిపెట్టింది.

పాత కెమెరాతో మొదలుపెట్టేవాళ్లకు ‘ఎఫ్/22 దగ్గర పెట్టి మొదలెట్టు, తప్పులు కలిసిపోతాయి’ అని సలహా ఇస్తుంటారు. ఫొటో తీయడానికి మంచి సలహానే. కెమెరాను పరీక్షించడానికి మాత్రం ఇంతకంటే చెడ్డది ఉండదు.

పుస్తకాన్ని బట్టి తప్పు ఎంతో ముందే అంచనా కట్టవచ్చు. మనిషి కెమెరాకు ఒకటిన్నర మీటరు దూరంలో ఉన్నారు. 135 మి.మీ. లెన్స్‌కు ఆ దూరంలో బింబం అసలు పరిమాణంలో దాదాపు పదో వంతు. లోతు దిశలో ఈ నిష్పత్తి వర్గమవుతుంది, అంటే వందో వంతు. పుస్తకం కళ్లకు సుమారు 10 సెం.మీ. ముందు ఉంది కాబట్టి ఫిల్మ్ దగ్గర తేడా ఇంచుమించు 1 మి.మీ. దగ్గరి వస్తువు బింబం లెన్స్‌కు దూరంగా ఏర్పడుతుంది. దగ్గరిది పదునుగా వచ్చిందంటే గాజు కంటే ఫిల్మే వెనక ఉంది. అంటే గాజు ఉండాల్సిన చోటు కంటే లెన్స్‌కు ఒక మిల్లీమీటరు దగ్గరగా ఉంది.

ఈ లెక్క దగ్గరే ‘గాజు ఎప్పుడైనా మార్చారా?’ అని అడిగాం. ఫ్రెనెల్ కథ అప్పుడు బయటపడింది.

కొలతలు

అంచనా కుదిరినా కొలవకుండా చేయి పెట్టకూడదు. కావలసినవి లోతు కొలిచే కడ్డీ ఉన్న డిజిటల్ వెర్నియర్, వంపు లేని స్టీలు స్కేలు, పాడైపోయిన ఒక షీటు ఫిల్మ్. స్కేలును దాని అంచు మీద నిలబెట్టి హోల్డర్ ముఖానికి అడ్డంగా ఉంచి, దాని పైఅంచు నుంచి లోపలి పలక దాకా కొలిచి, స్కేలు వెడల్పు తీసేయాలి. నాలుగు మూలలూ, మధ్యా కొలవాలి.

4×5 హోల్డర్‌కు అమెరికన్ ప్రమాణం ప్రకారం ముఖం నుంచి లోపలి పలక దాకా లోతు 0.197 అంగుళం, అంటే 5.0 మి.మీ. హెచ్చుతగ్గులు 0.007 అంగుళం వరకు, అంటే 0.18 మి.మీ. షీటు ఫిల్మ్ మందం కూడా సుమారు అంతే, 0.18 మి.మీ. కాబట్టి ఫిల్మ్ పైముఖం 4.82 మి.మీ. లోతులో ఉండాలి. గ్రౌండ్ గ్లాస్ గరుకు ముఖం కూడా అదే లోతులో ఉండాలి.

ప్లాస్టిక్ హోల్డర్లు నాలుగూ 4.95 నుంచి 5.08 లోపే వచ్చాయి. చెక్కవి రెండూ అంచుల దగ్గర 5.0, మధ్యలో 5.5 చూపించాయి, అంటే లోపలి పలక వంగిపోయింది. వాటిని అక్కడికక్కడే పక్కన పెట్టేశాం. పాత చెక్క హోల్డర్లలో ఇంకో ఉచ్చు కూడా ఉంది: కొన్ని అసలు ఫిల్మ్ కోసం కాదు, గాజు ప్లేట్ల కోసం చేసినవి. వాటిలో ఫిల్మ్ పెట్టాలంటే లోహపు తొడుగు ఉండాలి, అది లేకపోతే ఫిల్మ్ బాగా వెనక్కి కూర్చుంటుంది.

గ్రౌండ్ గ్లాస్ ప్యానెల్‌ను విప్పి, కెమెరా ఒంటికి ఆనే ముఖం నుంచి గరుకు ముఖం దాకా కొలిస్తే 3.85 మి.మీ. వచ్చింది. తేడా 0.97.

ఫ్రెనెల్ తీస్తే ఇంత తేడా ఎందుకు? దాని మందం 1.5 మి.మీ. అనుకుందాం. ముందున్న ఆ పలకలోంచి వెళ్లిన వెలుతురు వంగి, బింబం మందంలో మూడో వంతు, అంటే 0.5 మి.మీ. వెనక్కి జరుగుతుంది. తయారుచేసినవాళ్లు గాజు కూర్చునే అంచును ఈ లెక్క వేసుకునే పెట్టారు. పలక తీసి గాజును అదే అంచు మీద కూర్చోబెడితే గాజు 1.5 ముందుకు వచ్చింది, బింబం మాత్రం 0.5 మాత్రమే ముందుకు వచ్చింది. మిగిలిన 1 మి.మీ. తప్పుగా నిలిచిపోయింది. ఫ్రెనెల్ లేకుండా చేసిన కెమెరాలో వెలుగు పెరుగుతుందని లెన్స్ వైపు ఫ్రెనెల్ చేర్చినా ఇంతే తేడా వస్తుంది, కాకపోతే తలకిందులుగా: పదును ముక్కు ముందుకు కాక చెవుల వెనక్కి పోతుంది.

సరిచేసిన విధం

దారులు రెండు. అలాంటి ఫ్రెనెల్ ఇంకోటి తెచ్చి ముందు పెట్టడం ఒకటి. గాజు కింద పట్టీలు వేసి వెనక్కి జరిపి, ఫ్రెనెల్‌ను కంటి వైపు పెట్టడం ఇంకోటి. మొదటిది పాత పద్ధతికి దగ్గర, కానీ కొత్త పలక మందం పాతదానితో సమానంగా లేకపోతే మళ్లీ మొదటికే వస్తాం. రెండో పద్ధతిలో ఫ్రెనెల్ మందంతో పని లేదు. వెలుతురు గరుకు ముఖాన్ని తాకాకే ఫ్రెనెల్‌లోకి వెళుతుంది కాబట్టి ఫోకస్ దూరం మారదు. వెలుగులో తేడా కంటికి తెలిసేంత ఉండదు. అందుకే రెండోది ఎంచుకున్నాం.

పట్టీలుగా ముందు ఆయన మందపాటి అట్ట వాడి చూశారు. బిగించగానే క్లిప్పుల కింద అట్ట నలిగి, నాలుగు మూలలూ నాలుగు రకాల కొలతలు చూపించాయి. గాజు ఒక పక్కకు ఒరిగితే ఫిల్మ్ మీద ఫ్రేము ఎడమ పదునుగా, కుడి మసకగా వస్తుంది. ఆ లక్షణం చూసి ముందు స్టాండర్డ్ వంకరగా ఉందని పొరబడే ప్రమాదమూ ఉంది. అట్ట తీసేసి 0.5 మి.మీ. ఇత్తడి రేకును సన్నని పట్టీలుగా కోసి, గాజు నాలుగు అంచుల కిందా రెండేసి వరసలు వేశాం. కోసిన రేకు అంచుల బరుకును ఆకురాయితో తీయడం తప్పనిసరి, లేకపోతే బరుకే ఇంకో పదో వంతు మి.మీ. చేరుస్తుంది. బిగించాక కొలిస్తే మధ్యలో 4.85, మూలల్లో 4.83 నుంచి 4.87 వరకు వచ్చింది. కొత్త ఫ్రెనెల్‌ను గీతలున్న వైపు గాజుకు ఆనేలా, నున్నటి వైపు కంటి వైపు ఉండేలా బిగించాం.

వెర్నియర్ బాగుందంది కదా అని ఆగకూడదు, ఫిల్మ్ కూడా ఒప్పుకోవాలి. అగ్గిపెట్టెల్ని మూడేసి సెంటీమీటర్ల ఎడంతో, కెమెరాకు ఏటవాలుగా వరసపెట్టి, నడిమి పెట్టె మీద అంకె రాసి, ఒకటిన్నర మీటరు దూరం నుంచి లెన్స్ పూర్తిగా తెరిచి తీయాలి. ఎఫ్/4.7 దగ్గర పదును నడిమి పెట్టెకు అటూ ఇటూ 5 సెం.మీ. లోపే ఉంటుంది కాబట్టి తప్పు దాక్కోలేదు. దీనికి ఖరీదైన ఫిల్మ్ అక్కర్లేదు. ఫొటోలు ప్రింటు చేసే బ్రోమైడ్ పేపరును షీటు కొలతకు కోసి హోల్డర్‌లో పెట్టి, ఎర్ర లైటు కింద కడిగితే సరిపోతుంది. పేపరు ఫిల్మ్ కంటే కొంచెం మందమే అయినా ఆ తేడా పదో వంతు మి.మీ. లోపే. నాలుగు ప్లాస్టిక్ హోల్డర్లలోనూ నడిమి పెట్టే పదునుగా వచ్చింది.

ఆ తర్వాతే ఇన్ఫినిటీ స్టాప్‌లను, వాటి తర్వాత రేంజ్‌ఫైండర్‌ను సరిచేశాం. ఈ వరస తిప్పితే పని వృథా. పాత అమరికలో ఇన్ఫినిటీ అనుకున్న చోట ఫిల్మ్ నిజానికి సుమారు 18 మీటర్ల దూరాన్ని పట్టుకుంటోంది. లెన్స్ తెరిచి ఒక్క దూరపు కొండను తీసి ఉంటే, కొండ మసకగా, దాని ముందు 18 మీటర్ల దగ్గరి చెట్టు పదునుగా వచ్చి విషయం మొదటి రోజే తెలిసిపోయేది.

మచ్చలు, చిక్కదనం

ఇవి త్వరగా తేలాయి. హోల్డర్ అంచు పట్టాల కింద ఫిల్మ్‌కు నాలుగు వైపులా ఒకటి రెండు మిల్లీమీటర్ల అంచు కప్పబడి ఉంటుంది. మచ్చ ఆ అంచు దాకా పాకితే వెలుతురు హోల్డర్‌లోనో, లోడ్ చేసే గదిలోనో తగిలిందని అర్థం. ఇక్కడ అంచు శుభ్రంగా ఉంది, మచ్చలు బొమ్మ లోపలే ఉన్నాయి. అంటే కెమెరా లోపలికే వెలుతురు వస్తోంది. చీకటి గదిలో బెలోస్‌ను, అంటే లెన్స్‌కూ వెనక భాగానికీ మధ్య ఉండే మడతల గొట్టాన్ని, పూర్తిగా చాచి, లోపల చిన్న ఎల్ఈడీ టార్చి పెట్టి, మడతల మూలల వెంబడి చూస్తే పైవైపు మూలల్లో సూది మొన మేర చుక్కలు కనబడ్డాయి. మడత చాచిన స్థితిలో నల్ల ఫాబ్రిక్ పెయింటును పలుచగా రెండు పూతలు వేస్తే ఆగిపోయాయి. పూత పూర్తిగా ఆరకముందే మూస్తే మడతలు ఒకదానికొకటి అంటుకుని, తెరిచేటప్పుడు చిరుగుతాయి. చుక్కలు ప్రతి మడతలోనూ ఉంటే పూతలతో కాలయాపన చేయకుండా కొత్త బెలోస్ వేయించుకోవడమే మేలు.

షట్టర్‌ను ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి, తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టాం. ఒక సెకను అని పెడితే 385 ఫ్రేములు, అంటే 1.6 సెకన్లు. అర సెకనుకు 168 ఫ్రేములు, అంటే 0.7. 1/30 దగ్గర 8 ఫ్రేములు, అది సరిగ్గానే ఉంది. అంతకంటే వేగాలను ఈ పద్ధతిలో నమ్మకంగా కొలవలేం. నీడలో నెమ్మది వేగాలు వాడినప్పుడే ఎక్కువ ఎక్స్‌పోజర్ ఎందుకు వచ్చిందో దీంతో తేలింది. షట్టర్ విప్పాలా వద్దా అనే దగ్గర కాస్త ఆలోచించాం. కొలిచిన ప్రతిసారీ అదే సమయం వస్తోంది. నిలకడగా నెమ్మదిగా ఉన్న షట్టర్‌తో పని చేయవచ్చు, నిలకడ లేనిదాంతోనే చేయలేం. అందుకని విప్పకుండా, అసలు సమయాల పట్టీ రాసి లెన్స్ బోర్డు వెనక అంటించాం. షట్టర్ రేకుల మీద నూనె చుక్క వేస్తే వేగం వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. నూనె రేకుల మధ్య పాకి వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది, అప్పుడు విప్పక తప్పదు.

ఈ కేసు నుంచి తీసుకోవలసినవి

కొన్న పాత కెమెరాతో మొదటి షీటు తీసే ముందే ఫిల్మ్ ప్లేన్‌ను, అంటే ఫిల్మూ గాజూ కూర్చునే లోతును, కొలవాలి, తర్వాత లెన్స్ పూర్తిగా తెరిచి అగ్గిపెట్టెల పరీక్ష చేయాలి. మిగతా సర్దుబాట్లన్నీ దాని తర్వాతే. అమ్మినవాళ్లను అడగవలసిన మొదటి ప్రశ్న లెన్స్ గురించి కాదు: గ్రౌండ్ గ్లాస్ అసలుదేనా, ఫ్రెనెల్ ఉందా, ఉంటే ఏ వైపు ఉంది? తీసేసి ఉంటే కెమెరా కొనకూడదని కాదు, రేకు పట్టీల పని ఒకటి ఉందని గుర్తుపెట్టుకుంటే చాలు.

పాడైన నెగటివ్‌ను పారేసే ముందు అందులో ఎక్కడైనా పదును ఉందేమో వెతకాలి. ఎక్కడ ఉందో దాన్ని బట్టి గాజు ఏ వైపు, ఎంత తప్పిందో కొలవకుండానే చెప్పవచ్చు.

హోల్డర్లకు అంకెలు వేసి, కొలత వాటి మీదే రాసుకోవాలి. షీటు లోడ్ చేసేటప్పుడు పొడుగు వైపు నిలువుగా పట్టుకుని దాని అంచున ఉండే గంట్లు (నాచ్‌లు) పైన కుడి మూలలో వేలికి తగిలితే ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత, మీ వైపు ఉన్నట్టు. హోల్డర్‌లో ఫిల్మ్‌ను కప్పే డార్క్ స్లైడ్ తెల్ల వైపు బయటికి ఉంటే ఇంకా ఫొటో తీయని ఫిల్మ్, నల్ల వైపు ఉంటే ఫొటో తీసేసిన ఫిల్మ్. ఈ రెండూ వేళ్లకు అలవాటయ్యేదాకా ఒక పాడు షీటుతో వెలుతురులో, ఆపైన కళ్లు మూసుకుని సాధన చేయడం ఉత్తమం. ఈ కేసులో తిరగేసి లోడ్ చేసిన షీట్లు కూడా రెండు దొరికాయి. వెలుతురు ఫిల్మ్ బేస్ గుండా వెళ్లాల్సి రావడంతో బొమ్మ పలుచగా, కుడి ఎడమలు తారుమారై వచ్చింది. వాటిని కూడా ఆయన షట్టర్ ఖాతాలోనే వేశారు.

చెక్క హోల్డర్లు రెండింటినీ ఆయన పారేయలేదు. పేపరు నెగటివ్‌లను ఎఫ్/32 దగ్గర తీయడానికి వాడుతున్నారు. అక్కడ ఆ అర మిల్లీమీటరు వంపు వల్ల నష్టం లేదు.